1555 ఒడంబడికా, 1648 సంధా: జర్మన్ సంస్థానాల మత వివాదానికి ఏది మేలైన పరిష్కారం?

యూరప్ చరిత్ర చదివే మిత్రుల నుంచి, ముఖ్యంగా పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్నవారి నుంచి, నాకు మాటిమాటికీ వచ్చే ప్రశ్న ఒకటి ఉంది. జర్మన్ సంస్థానాలలో కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య రగిలిన తగవును తీర్చడానికి 1555లో ఆగ్స్‌బర్గ్‌లో ఒక ఒడంబడిక కుదిరింది, 1648లో వెస్ట్‌ఫేలియాలో ఒక సంధి కుదిరింది. ఈ రెండింటిలో ఏది మేలు? అడిగేవారి దగ్గర ఒక సిద్ధ సమాధానం కూడా తరచుగా ఉంటుంది. మొదటిది ముప్ఫై ఏళ్ల యుద్ధానికి (1618–1648) దారి తీసింది కనుక విఫలమనీ, రెండవది ఆ యుద్ధాన్ని ఆపింది కనుక సఫలమనీ వారు తేల్చేస్తారు. 1555కు ఇది అన్యాయం. ఆ ఒడంబడిక తరువాత 63 ఏళ్లపాటు, ఈ జర్మన్ సంస్థానాలన్నీ ఒక చక్రవర్తి కింద చేరిన పవిత్ర రోమన్ సామ్రాజ్యాన్నంతా చుట్టుముట్టిన యుద్ధం ఏదీ రాలేదు. అదే కాలంలో పక్కనున్న ఫ్రాన్స్ 1562 నుంచి 1598 దాకా మతయుద్ధాలలో తగలబడుతూనే ఉంది. మూడు తరాలు నిలిచిన శాంతిని విఫలమని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు.

కాబట్టి నేను మరో కొలబద్దను వాడతాను. ఒక సంస్థానంలో ప్రభువు తన మతాన్ని మార్చుకున్నప్పుడు, లేదా ఆయన కన్నుమూసి వేరే మతం వారసుడు గద్దెనెక్కినప్పుడు, ఆ ఊళ్లో చెప్పులు కుట్టుకుని బతికేవాడి ఆదివారం ఏమవుతుంది? అతడు నిన్నటి గుడికే వెళ్లగలడా, బిడ్డను నిన్నటి గురువు దగ్గరే చదివించగలడా, చనిపోతే తన తండ్రి పక్కన పూడ్చిపెట్టించుకోగలడా? సార్వభౌమత్వం, దౌత్యం, స్వీడన్‌కు దక్కిన భూములు, ఫ్రాన్స్‌కు దక్కిన కోటలు అన్నీ ముఖ్యమైనవే. అయినా మతానికీ రాజ్యాధికారానికీ పడిన ముడిని ఏ పత్రం ఎంతవరకు విప్పిందో తెలుసుకోవాలంటే ఈ ఒక్క ప్రశ్న చాలునని నా నమ్మకం.

1555 సెప్టెంబర్ 25న ఆగ్స్‌బర్గ్‌లో సామ్రాజ్య సభ (సంస్థానాల, నగరాల ప్రతినిధులు కూర్చునే సభ) ఆమోదించిన ఒడంబడికను నడిపించినవాడు ఐదవ చార్లెస్ చక్రవర్తి కాదు, ఆయన తమ్ముడు ఫెర్డినాండ్. అన్నగారికి అప్పటికే విసుగు పుట్టింది. మరుసటి ఏడాది కిరీటాలే వదిలేశాడు. ఒడంబడిక సారం మన చెవికి కొత్తగా వినిపించదు: యథా రాజా తథా ప్రజా. మన నానుడి లోకరీతిని చెబుతుంది, ఆగ్స్‌బర్గ్‌లో అది చట్టమైంది. దీనికి ప్రసిద్ధమైన లాటిన్ సూత్రం, ‘కుయుస్ రెగియో, ఎయుస్ రెలిగియో’ (ఎవరి రాజ్యమో వారి మతం), ఒడంబడిక పాఠంలో ఎక్కడా లేదు. దాన్ని తరువాతి కాలంలో యోహాకిమ్ స్టెఫానీ అనే న్యాయశాస్త్రవేత్త కూర్చాడు. ప్రభువు కాథలిక్ మతాన్నో, 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనను అనుసరించే లూథరన్ మతాన్నో (మార్టిన్ లూథర్ బోధను పాటించే ప్రొటెస్టెంట్ శాఖ) ఎంచుకోవచ్చు. ప్రజలు ఆయన వెంట నడవాలి. నడవనివాడు ఆస్తి అమ్ముకుని, కట్టవలసిన పన్ను కట్టి, భార్యాబిడ్డలతో వేరే సంస్థానానికి వెళ్లిపోవచ్చు. ఈ చివరి మాటను తేలికగా తీసుకోకూడదు. అంతకు ముందు మతభేదానికి శిక్ష చితిమంట కావచ్చు. ఇప్పుడు అది బండి ఎక్కి వెళ్లిపోయే హక్కుగా మారింది. సామ్రాజ్యమంతటికీ వర్తించే చట్టం ఒక మామూలు మనిషికి మతం విషయంలో రాసిచ్చిన మొదటి హక్కు బహుశా ఇదే.

ప్రభువులకు ఇందులో దక్కినది చాలా పెద్దది. 1552 నాటి పాసౌ ఒప్పందానికి ముందు స్వాధీనం చేసుకున్న మఠాల ఆస్తులు వారికే మిగిలాయి. సాక్సనీ పాలకులు అటువంటి ఆస్తులతోనే ఫోర్టా, మైసెన్, గ్రిమ్మాలలో పాఠశాలలు నెలకొల్పి, తమకు కావలసిన పాస్టర్లనూ గుమాస్తాలనూ అక్కడే తయారు చేసుకున్నారు. లూథరన్ ప్రభువు తన సంస్థానంలో బిషప్ స్థానాన్ని తానే ఆక్రమించాడు. పెళ్లి తగవులు, పాస్టర్ల జీతాలు, ఊరూరా తిరిగే తనిఖీలు అన్నీ ఆయన కచేరీ కిందికి వచ్చాయి. అయితే ఈ లాభం లూథరన్లకే పరిమితమని అనుకోవడం పొరపాటు. బవేరియా డ్యూకులు పోప్‌ను వదలకుండానే ఇంచుమించు అంత పట్టూ సంపాదించారు. 1570 నాటికి మ్యూనిక్‌లో మత వ్యవహారాలకు డ్యూక్ సొంత మండలి పనిచేస్తోంది. ఈస్టర్ వేళ పాపసంకీర్తనం చేసినట్లు, అంటే గురువు ముందు పాపాలు ఒప్పుకున్నట్లు, ఆ ఊరి చర్చి గురువు ఇచ్చే చీటీని అక్కడి ప్రజలు చూపించవలసి వచ్చేది. ఒక చిన్న కాగితం ముక్క, దాని మీద ఒక పేరు. అది లేనివాడి మీద అధికారుల కన్ను పడుతుంది. జర్మన్ సంస్థానంలో రాజ్యం ఇంటి గడప దాటి లోపలికి వచ్చినది ఈ చీటీ రూపంలోనేనని నాకనిపిస్తుంది.

ఈ ఒడంబడికలో రెండు పెద్ద చిల్లులు ఉన్నాయి. లూథరన్లతో విభేదించే మరో ప్రొటెస్టెంట్ శాఖ అయిన కాల్విన్ అనుయాయులకు అందులో చోటు లేకపోవడం మొదటిది. రెండవది మతాధిపతులకు సంబంధించినది. బిషప్‌గా ఉంటూనే సంస్థానాన్ని ఏలే పాలకుడు లూథరన్‌గా మారితే పదవి వదులుకోవాలన్న నిబంధనను ప్రొటెస్టెంట్లు ఒప్పుకోకపోయినా ఫెర్డినాండ్ రాజాధికారంతో చేర్పించాడు. దాని ఫలితం కొలోన్‌లో బయటపడింది. ఆర్చిబిషప్పూ, చక్రవర్తిని ఎన్నుకునే ఏడుగురు ఎలెక్టర్లలో ఒకడూ అయిన గెబ్‌హార్డ్ ట్రుక్సెస్ 1582 చివర్లో మతం మారి, 1583లో ఆగ్నెస్ మాన్స్‌ఫెల్ట్‌ను పెళ్లాడి, పదవిని కూడా నిలుపుకోవాలనుకున్నాడు. పోప్ ఆయనను తొలగించాడు. బవేరియా రాజవంశానికి చెందిన ఎర్నెస్ట్ ఆ పీఠమెక్కాడు, యుద్ధం 1588 దాకా సాగింది. అప్పుడు చేజిక్కిన కొలోన్ పీఠం 1761 వరకు ఆ వంశం చేతిలోనే ఉంది. ఒకరి పెళ్లి మరో కుటుంబానికి దాదాపు 180 ఏళ్ల ఆస్తి అయింది.

అయినా చిల్లులున్న చోట కంటే, నియమం అక్షరాలా అమలైన చోటే 1555 అసలు స్వరూపం బయటపడుతుంది. అందుకు పాలటినేట్ సంస్థానాన్ని మించిన ఉదాహరణ లేదు. 1550లో హైడెల్‌బర్గ్‌లో పుట్టిన ఒక మనిషిని ఊహించుకోండి. అతడికి ఆరేళ్లప్పుడు, 1556లో, ఎలెక్టర్ ఓట్‌హైన్రిష్ సంస్థానాన్ని లూథరన్ చేశాడు. తరువాత వచ్చిన మూడవ ఫ్రెడరిక్ కాల్విన్ వైపు మొగ్గాడు. మన మనిషికి పదమూడేళ్లప్పుడు, 1563లో, కాల్విన్ మత బోధను ప్రశ్నలూ జవాబులుగా చెప్పే హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి వెలువడింది, బడిపిల్లలు దాన్ని కంఠస్థం చేయవలసి వచ్చింది. గుళ్లలో బలిపీఠాలూ పటాలూ పోయాయి. క్రీస్తు కడపటి విందును తలచుకుంటూ చర్చిలో పంచే సత్ప్రసాదంలో పలుచని అప్పానికి బదులు మామూలు రొట్టెను విరిచి పంచారు. ఇరవై ఆరో ఏట ఫ్రెడరిక్ చనిపోయి కొడుకు ఆరవ లుడ్విగ్ వచ్చాడు. ఆయన లూథరన్. అప్పం తిరిగి వచ్చింది, ప్రశ్నోత్తరి రచనలో ముఖ్యుడైన ఉర్సినస్ ఉద్యోగం పోయింది. లుడ్విగ్ తమ్ముడు యోహాన్ కాసిమిర్ 1578లో తన వాటాకు వచ్చిన నోయ్‌స్టాడ్ట్‌లో ఒక విద్యాలయం పెట్టి, అన్న తరిమేసిన కాల్విన్ పండితులకు అక్కడ ఆశ్రయమిచ్చాడు. 1583లో అన్న చనిపోయాడు, తమ్ముడు రాజప్రతినిధి అయ్యాడు, రొట్టె మళ్లీ వచ్చింది, ఈసారి లూథరన్ పాస్టర్లు మూటలు సర్దుకున్నారు. మన మనిషికి అప్పటికి ముప్ఫై మూడేళ్లు. అతడు ఒక్కసారి కూడా మతం మారాలని కోరుకోలేదు. అయినా 27 ఏళ్లలో అతడి గుడి నాలుగు సార్లు మారింది.

(కాల్విన్ మతానికి 1555లో చోటే లేదుకదా, మరి ఈ మార్పు ఎలా చెల్లిందని కొందరు అడుగుతారు. 1566 నాటి సామ్రాజ్య సభలో మూడవ ఫ్రెడరిక్ తాను కూడా ఆగ్స్‌బర్గ్ ప్రకటనను అంగీకరించేవాడినేనని వాదించి నిలిచాడు. తోటి ప్రొటెస్టెంట్ ప్రభువులు ఆయనను చక్రవర్తికి వదిలేయడానికి జంకారు. చట్టం మూసిన తలుపును మొహమాటం తెరిచింది.)

1555ను సమర్థించేవారు ఇక్కడ బ్రాండెన్‌బర్గ్‌ను చూపిస్తారు, చూపించడం న్యాయమే. 1613 క్రిస్మస్ రోజున ఎలెక్టర్ యోహాన్ సిగిస్మండ్ బెర్లిన్‌లో కాల్విన్ పద్ధతిలో సత్ప్రసాదం స్వీకరించాడు. నియమం ప్రకారం ప్రజలంతా ఆయన వెంట నడవాలి. కాని భార్య ఆన్నాయే నడవలేదు. 1615లో గుడిలోని పటాలు తొలగించినప్పుడు బెర్లిన్ వీధుల్లో అల్లరి చెలరేగింది. పన్నులు మంజూరు చేసే సంస్థాన సభలోని పెద్దలు గట్టిగా నిలబడటంతో, లూథరన్లను బలవంతం చేయబోనని ఆయన రాసిచ్చాడు. ప్రభువు ఒక మతం, ప్రజలు మరో మతం అన్న ఏర్పాటు ఆ విధంగా 1648 కంటే ముందే పుట్టింది. అయితే అక్కడ ప్రజలను కాపాడినది ఒడంబడిక కాదు, ఎలెక్టర్ ఖజానాకు ఉన్న అప్పులు. అప్పులు లేని ప్రభువు దొరికితే ఏమయ్యేదో పాలటినేట్ చెబుతోంది.

1555 ఏర్పాటు కుప్పకూలిన తీరు కూడా గమనించదగినది. డోనావోర్ట్ రెండు మతాలకూ చోటున్న సామ్రాజ్య నగరం. అటువంటి నగరాలలో రెండూ కొనసాగాలని 1555 పత్రమే చెప్పింది. 1606 ఏప్రిల్ 25న సెయింట్ మార్కు పండుగ నాడు కాథలిక్కులు జెండాలు విప్పి ఊరేగింపు తీశారు, ప్రొటెస్టెంట్లు దాడి చేశారు. జెండా చుట్టి తీసుకెళ్లాలా విప్పి తీసుకెళ్లాలా అన్నది అక్కడ నిజంగానే ప్రాణాల మీదికి తెచ్చే విషయం. చక్రవర్తి నగరాన్ని బహిష్కరించాడు. 1607 డిసెంబర్‌లో బవేరియా డ్యూక్ మాక్సిమిలియన్ సైన్యంతో ప్రవేశించి, ఖర్చుల పేరుతో ఊరిని తన దగ్గరే ఉంచుకున్నాడు. మరుసటి ఏడాది సామ్రాజ్య సభ తీర్మానం లేకుండానే చెదిరిపోయింది. 1608లో ప్రొటెస్టెంట్ కూటమి, 1609లో కాథలిక్ కూటమి పుట్టాయి. 1613 తరువాత 1640 వరకు సామ్రాజ్య సభ కూర్చోనే లేదు. తగవు పడినప్పుడు సంఖ్యాబలంతో తేల్చే సభ ఉంటే, సంఖ్య తక్కువున్నవాడు ఆ సభకు రావడం మానేస్తాడు. 1555 పత్రంలో దీనికి మందు లేదు.

మిగతా ప్రయత్నాలను కూడా పోల్చమని అడిగేవారు ఉన్నారు కాబట్టి రెండు మాటలు చెబుతాను. 1547లో మ్యూల్‌బర్గ్ యుద్ధం గెలిచిన ఊపులో ఐదవ చార్లెస్ 1548లో రుద్దిన తాత్కాలిక మత శాసనం ఎవరికీ నచ్చలేదు, నాలుగేళ్లలో పోయింది. చక్రవర్తి రెండవ ఫెర్డినాండ్ 1629 మార్చిలో జారీ చేసిన శాసనం 1552 తరువాత పోయిన చర్చి ఆస్తులన్నీ వెనక్కి ఇవ్వమంది. అది యుద్ధంలో గెలిచినవాడి హుకుం, దాన్ని పరిష్కారమనలేం. 1635 నాటి ప్రాగ్ ఒప్పందం ఆ శాసనాన్ని నలభై ఏళ్లు పక్కన పెట్టి, 1627 నవంబర్ 12ను కొలమానంగా తీసుకుంది. దాని షరతులు నిలవలేదు గాని, ఒక తేదీని పట్టుకుని తగవు తీర్చవచ్చునన్న ఆలోచనకు ప్రాణం పోసినందుకు దాన్ని గుర్తుంచుకోవాలి.

ఆ ఆలోచనే 1648లో అసలు విషయమైంది. మ్యూన్‌స్టర్‌లో ఫ్రాన్స్‌తో, ఓస్నాబ్రూక్‌లో స్వీడన్‌తో ఏళ్ల తరబడి బేరాలు సాగి, అక్టోబర్ 24న సంతకాలు పడ్డాయి. ఓస్నాబ్రూక్ పత్రం మీద 14 అనీ 24 అనీ రెండు తేదీలు ఉంటాయి. ప్రొటెస్టెంట్లు పోప్ దిద్దిన పంచాంగాన్ని అప్పటికీ ఒప్పుకోలేదు. రోజు పేరు మీదే ఏకాభిప్రాయం లేని మనుషులు ఒక రోజును ఎంచుకుని దాని మీద శాంతిని నిలబెట్టారు. ఆ రోజు 1624 జనవరి 1. ప్రొటెస్టెంట్లు 1618 కావాలన్నారు, అప్పటికి వారి ఓటములు మొదలు కాలేదు కాబట్టి. కాథలిక్కులు 1630 కావాలన్నారు, అప్పటికి వారు గెలుస్తున్నారు కాబట్టి. రాజీ మధ్యలో కుదిరింది. ఆ సంవత్సరంలో ఎక్కడ ఏ ఆరాధన జరిగిందో, ఏ మఠం ఎవరి చేతిలో ఉందో, ఇక ముందు కూడా అలాగే ఉండాలి. ఆ తేదీకి ఏ పవిత్రతా లేదు, ఏ సిద్ధాంతమూ లేదు. దాని బలం కూడా అందులోనే ఉంది. మతం విషయంలో ఎవరిది సత్యమన్న ప్రశ్నకు ఏ న్యాయస్థానమూ తీర్పు చెప్పజాలదు. 1624లో ఈ గుడిలో గంట ఎవరు కొట్టారన్న ప్రశ్నకు ఊళ్లోని ముసలివాళ్లు సాక్ష్యం చెప్పగలరు, చర్చి లెక్కల పుస్తకాలు చెప్పగలవు.

మరి 1624లో ఆరాధన హక్కు లేనివాళ్ల సంగతేమిటి? వారిని కూడా సంధి పూర్తిగా గాలికి వదలలేదు. ఇంట్లో ప్రార్థన చేసుకోవచ్చు, పక్క సంస్థానంలోని గుడికి వెళ్లి రావచ్చు, పిల్లలను బయటి బడికి పంపవచ్చు. వర్తక సంఘాల నుంచి, చేతివృత్తుల శ్రేణుల నుంచి, వారసత్వం నుంచి, ఆసుపత్రుల నుంచి, భిక్ష నుంచి, శ్మశానం నుంచి మతం పేరుతో వారిని వెలివేయకూడదు. ప్రభువు పొమ్మంటే పోవలసిందే, కాని అందుకు ఐదేళ్ల గడువు ఉంది. సంధి తరువాత మతం మారినవారికి మూడేళ్లు. ఈ జాబితాను చదివినప్పుడల్లా, దాన్ని రాసినవారు ఒక ఊళ్లో బతుకు ఎక్కడెక్కడ తెగుతుందో కళ్లారా చూసినవారేనని అనిపిస్తుంది. కాల్విన్ అనుయాయులకు కూడా ఈసారి పేరుపెట్టి చోటిచ్చారు. ఈ మూడు మతాలకు వెలుపలి వారికి మాత్రం ఏమీ దక్కలేదు.

వెస్ట్‌ఫేలియా అనగానే పాఠ్యపుస్తకాలు ప్రభువులకు సార్వభౌమత్వం వచ్చిందని రాస్తాయి. అందులో కొంత నిజముంది. చక్రవర్తికీ సామ్రాజ్యానికీ వ్యతిరేకం కాని పొత్తులు విదేశాలతో పెట్టుకునే హక్కు వారికి స్పష్టంగా దక్కింది. కాని మతం విషయంలో జరిగినది దీనికి సరిగ్గా విరుద్ధం. 1555లో ప్రభువు చేతికి వచ్చిన తాళంచెవిని 1648 వెనక్కి తీసుకుంది. ప్రభువు మారినా, ఆయన మనసు మారినా, 1624 మారదు. సామ్రాజ్య సభలో మతానికి సంబంధించిన విషయం వచ్చినప్పుడు కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ రెండు వర్గాలుగా విడిపోయి, ఓట్ల లెక్కతో కాక పరస్పర అంగీకారంతోనే తేల్చుకోవాలన్న నియమం కూడా వచ్చింది. డోనావోర్ట్ నాటి జబ్బుకు మందు ఇదే. దాన్ని అధికారికంగా వాడిన సందర్భాలు అరుదు. వాడవచ్చునన్న భయమే చాలా పనులు చేసింది. పోప్ పదవ ఇన్నొసెంట్ ఈ మత నిబంధనలు చెల్లవని ప్రకటించాడు. ఆయన ఆ మాట అంటాడని ముందే తెలిసి, ఏ నిరసనా చెల్లదని సంధిలోనే రాసి పెట్టుకున్నారు.

పరీక్ష 1697లో వచ్చింది. సాక్సనీ ఎలెక్టర్ ఫ్రెడరిక్ ఆగస్టస్ పోలండ్ కిరీటం కోసం కాథలిక్ అయ్యాడు. లూథర్ పుట్టి పెరిగి బోధించిన జర్మన్ ప్రాంతాలలో ముఖ్యమైనదాన్ని ఏలిన వంశం అది. 1555 తర్కం ప్రకారం లూథర్ బోధించిన విట్టెన్‌బర్గ్‌లో కాథలిక్కుల దివ్యబలిపూజ మొదలవ్వాలి. అటువంటిదేమీ జరగలేదు. సంస్థాన మతానికి భంగం రానివ్వనని ఎలెక్టర్ వెంటనే హామీ ఇచ్చాడు. భార్య క్రిస్టియానే ఎబర్‌హార్డినే లూథరన్‌గానే ఉండిపోయి, పోలండ్‌లో అడుగు పెట్టలేదు. 1727లో ఆమె చనిపోయినప్పుడు లైప్‌జిగ్‌లో సంతాప సంగీతం కూర్చినవాడు బాఖ్. అన్నిటికంటే విచిత్రమేమిటంటే, సామ్రాజ్య సభలోని ప్రొటెస్టెంట్ వర్గానికి నాయకత్వం కాథలిక్ అయిన తరువాత కూడా సాక్సనీ దగ్గరే ఉంది. 1555 లోకంలో ఇది అర్థం లేని మాట. 1648 తరువాత ఇది మామూలు పాలనా వ్యవహారం.

అలాగని 1648కు మచ్చలు లేవనడం లేదు. చక్రవర్తి వంశమైన హాబ్స్‌బర్గ్‌ల సొంత దేశాలకు ఈ రక్షణ వర్తించలేదు. బొహీమియా, ఆస్ట్రియాల ప్రొటెస్టెంట్లు నిరాశ్రయులుగానే మిగిలారు. సైలీషియాలో మాత్రం స్వీడన్ పట్టుబట్టడంతో గ్లోగావ్, యావర్, ష్వైడ్నిట్స్ పట్టణాల వెలుపల మూడు చర్చిలకు అనుమతి దొరికింది. అనుమతి అనడానికి కూడా సంకోచం కలుగుతుంది. ఊరి గోడ బయట కట్టాలి, రాయీ ఇటుకా వాడకూడదు, గోపురం ఉండకూడదు, ఏడాదిలో పూర్తి చేయాలి. ఎక్కువ కాలం నిలవకూడదన్నదే అధికారుల ఉద్దేశం. ఆ ప్రజలు కర్రా మట్టీ గడ్డీ కలిపి ష్వైడ్నిట్స్‌లో ఏడున్నర వేల మంది పట్టే చర్చిని లేపారు. ఇప్పుడు పోలండ్‌లో ఉన్న ఆ పట్టణంలోనూ యావర్‌లోనూ అవి నేటికీ నిలిచి ఉన్నాయి. అంతకంటే పెద్ద మచ్చ సాల్జ్‌బర్గ్. 1731 అక్టోబర్ 31న ఆర్చిబిషప్ ఫిర్మియాన్ తన ప్రొటెస్టెంట్ ప్రజలను వెళ్లగొట్టాడు. భూమి లేనివారికి ఇచ్చిన గడువు ఎనిమిది రోజులు. సంధిలోని మూడేళ్ల మాటను తప్పించుకోవడానికి వారిని తిరుగుబాటుదారులన్నాడు. సుమారు ఇరవై వేల మంది చలికాలపు దారి పట్టారు. ప్రష్యా రాజు తన తూర్పు భూములలో వారికి చోటిచ్చాడు. తేదీ బలం దాన్ని గౌరవించే పాలకుడున్నంత వరకేనని సాల్జ్‌బర్గ్ చూపిస్తుంది. అయినా ఒక తేడా ఉంది. ఫిర్మియాన్ సంధిని ఉల్లంఘించాడని యూరప్ అంతా వేలెత్తి చూపింది. పాలటినేట్‌లో ఆరవ లుడ్విగ్ 1555ను ఉల్లంఘించలేదు, అమలు చేశాడు.

మన తెలుగువారికి ఈ కథలో ఒక చిన్న కొస తగులుతుంది. మాగ్డెబర్గ్ ఆర్చిబిషప్ సంస్థానం 1555 నియమం ప్రకారం చూస్తే కాథలిక్కులకు తిరిగి వెళ్లవలసినదే. 1629 శాసనం అడిగినవాటిలో అదీ ఒకటి. 1648 దాన్ని బ్రాండెన్‌బర్గ్‌కు రాసిచ్చింది, 1680లో చేతికి వచ్చింది. ఆ సంస్థానంలోని హాలె పట్టణంలో 1694లో విశ్వవిద్యాలయమూ, ఆ వెంటనే ఫ్రాంకె విద్యాసంస్థలూ పుట్టాయి. మద్రాసులో తెలుగు నేర్చి తిరిగి వెళ్లిన లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1746, 1747లలో తెలుగు అక్షరాలతో పుస్తకాలు అచ్చు వేయించినది ఆ హాలెలోనే. తొలి తెలుగు అచ్చు పుస్తకాలుగా మనం చెప్పుకునేవి అవే. సంధి రాసినవారికి తెలుగు అనే భాష ఒకటుందని కూడా తెలిసి ఉండదు.

ఆగ్స్‌బర్గ్ నగరం సంగతి చెప్పకపోతే లోటు. 1648 తరువాత అక్కడి పదవులన్నీ రెండు మతాలకూ సమానంగా పంచారు. ఒక్కటే పదవి అయితే వంతులవారీగా తిప్పారు. 1629లో ప్రొటెస్టెంట్ ఆరాధన నిషేధించిన ఆగస్టు 8వ తేదీనే 1650 నుంచి శాంతి పండుగగా జరుపుకుంటున్నారు, నేటికీ ఆ ఒక్క నగరానికి అది సెలవుదినం. ఓస్నాబ్రూక్‌లో బిషప్ పీఠమే వంతులవారీగా నడిచింది: ఒకసారి కాథలిక్, మరోసారి లూథరన్. 1764లో లూథరన్ల వంతు వచ్చినప్పుడు బ్రిటన్ రాజు మూడవ జార్జి తన ఆరు నెలల పసికందును అక్కడ బిషప్‌ను చేశాడు. ఇది నవ్వు పుట్టించే ఏర్పాటే. నవ్వుకునే తగవు నెత్తురు చిందే తగవు కంటే నయమని ఓస్నాబ్రూక్ రైతును అడిగితే చెప్పేవాడు.

నా మొగ్గు ఎటో ఇప్పటికే తెలిసిపోయింది గనుక, మళ్లీ హైడెల్‌బర్గ్‌కే వెళ్దాం. 1685లో అక్కడి కాల్విన్ వంశం అంతరించి కాథలిక్ వంశం వచ్చింది. ఊరి నడిబొడ్డున ఉన్న పరిశుద్ధాత్మ దేవాలయం ఎవరిదన్న తగవు తీరక, 1706లో దాని మధ్యలో ఒక గోడ కట్టారు. ముందుభాగంలోని బలిపీఠం వైపు కాథలిక్కులు, జనం కూర్చునే మందిరం వైపు ప్రొటెస్టెంట్లు. 1719లో ఎలెక్టర్ కార్ల్ ఫిలిప్ ఆ గోడ కూల్చి దేవాలయం మొత్తాన్ని తీసుకున్నాడు. కాథలిక్ బలిపూజను విగ్రహారాధనగా తిట్టే 80వ ప్రశ్న ఉన్నందుకు హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరిని నిషేధించాడు. నూట యాభై ఏళ్ల కిందట ఇంత చేసిన ప్రభువును ఆపే చట్టం లేదు. ఈసారి ప్రజలు వెస్ట్‌ఫేలియా పత్రాన్ని పట్టుకుని సామ్రాజ్య సభలోని ప్రొటెస్టెంట్ వర్గం దగ్గరికి వెళ్లారు, ప్రష్యా, హనోవర్ వారి వెనుక నిలిచాయి, చక్రవర్తి కూడా ఎలెక్టర్‌నే తప్పుపట్టాడు. కార్ల్ ఫిలిప్ మందిరాన్ని తిరిగి ఇచ్చి, గోడను మళ్లీ కట్టించవలసి వచ్చింది. 1555 ప్రకారం ప్రభువుతో పడనివాడు ఇల్లూ వాకిలీ అమ్ముకుని ఊరు విడవాలి. 1720లో కోపంతో హైడెల్‌బర్గ్ విడిచి, మాన్‌హైమ్‌లో కొత్త రాజధాని కట్టుకోవడానికి వెళ్లిపోయినవాడు ప్రభువే. చెప్పులు కుట్టేవాడు తన ఊళ్లోనే, గోడకు తన వైపున, ఆదివారం ఆరాధనకు కూర్చున్నాడు. ఆ గోడను చివరిసారిగా తొలగించినది 1936లో.